27.5 శాతంతో గెలుపు, 90 సీట్లున్నా వేరే దారి: డెన్మార్క్ 2022 ఎన్నికల ఫలితాలు

మీరు అడిగిన ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. 2022 నవంబర్ 1న డెన్మార్క్‌లో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో 27.5 శాతం ఓట్లు మాత్రమే వచ్చిన పార్టీ గెలిచిందని ఎలా అంటారన్నది మొదటిది. ఆ పార్టీ నాయకత్వం వహించే వామపక్ష కూటమికి సరిగ్గా మెజారిటీకి సరిపడా 90 సీట్లు వచ్చినా, ప్రధాని మెట్టె ఫ్రెడరిక్సెన్ ఆ కూటమిని వదిలి ప్రత్యర్థులతో కలిసి ప్రభుత్వాన్ని ఎందుకు ఏర్పాటు చేశారన్నది రెండవది. ఒక పట్టికలో 175 సీట్లు, మరొక పట్టికలో 179 సీట్లు, ఇంకొక చోట పార్టీల బలాలే వేరుగా ఎందుకు కనిపిస్తున్నాయన్నది మూడవది. నేను చాలా ఏళ్లుగా నార్డిక్ దేశాల ఎన్నికలను అనుసరిస్తున్నాను. ఈ మూడింటికీ జవాబు ఒకే చోట మొదలవుతుంది. డెన్మార్క్‌లో ఓట్లు సీట్లుగా మారడం ఒక దశ, సీట్లు ప్రభుత్వంగా మారడం మరొక దశ. ఈ రెండు దశలకూ నియమాలు పూర్తిగా వేరు.

ముందుగా ఫలితాలను చూద్దాం. ఫ్రెడరిక్సెన్ నాయకత్వంలోని సోషల్ డెమొక్రాట్లకు 27.5 శాతం ఓట్లతో 50 సీట్లు వచ్చాయి. 2001 తర్వాత ఆ పార్టీకి ఇదే అత్యుత్తమ ఫలితం. కుడి పక్షాల్లో పెద్దది, ప్రధాన ప్రతిపక్షమైన వెన్‌స్ట్రె పార్టీ 13.3 శాతంతో 23 సీట్లకు పడిపోయింది. 2019లో ఆ పార్టీకి 43 సీట్లు ఉండేవి. కొత్తగా రంగంలోకి దిగిన మోడరేట్లు 9.3 శాతంతో 16 సీట్లు గెలుచుకుని మూడవ స్థానంలో నిలిచారు. సోషలిస్ట్ పీపుల్స్ పార్టీకి 15, మరో కొత్త పార్టీ అయిన డెన్మార్క్ డెమొక్రాట్లకు 14, లిబరల్ అలయెన్స్‌కు 14, కన్జర్వేటివ్‌లకు 10, రెడ్-గ్రీన్ అలయెన్స్‌కు 9, సోషల్ లిబరల్ పార్టీకి 7, న్యూ రైట్‌కు 6, ఆల్టర్నేటివ్‌కు 6, డేనిష్ పీపుల్స్ పార్టీకి 5 సీట్లు దక్కాయి. మొత్తం పన్నెండు పార్టీలు, 175 సీట్లు. పోలింగ్ 84.2 శాతం.

ఇన్ని పార్టీలు సభలోకి రావడానికి కారణం కనీస అర్హత హద్దు 2 శాతమే కావడం. జర్మనీలో ఈ హద్దు 5 శాతం, స్వీడన్‌లో 4 శాతం. డెన్మార్క్‌లో ఆ ఎన్నికలో చెల్లిన ఓట్లు సుమారు 35 లక్షలు కాబట్టి, దేశం మొత్తం మీద దాదాపు 70 వేల ఓట్లు తెచ్చుకున్న పార్టీకి సభలో చోటు ఖాయమవుతుంది. ఒక సీటు విలువ సుమారు 20 వేల ఓట్లు. అందుకే 2.6 శాతం మాత్రమే వచ్చిన డేనిష్ పీపుల్స్ పార్టీకి కూడా 5 సీట్లు దక్కాయి. హద్దు దాటని పార్టీలకు దాదాపు ఏమీ మిగలదు. 2022లో ఫ్రీ గ్రీన్స్, క్రిస్టియన్ డెమొక్రాట్లు ఇలాగే బయట ఉండిపోయారు. 2019లో 1.8 శాతం తెచ్చుకున్న హార్డ్ లైన్ పార్టీ, 1.7 శాతం తెచ్చుకున్న క్రిస్టియన్ డెమొక్రాట్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. హద్దును ఇంత తక్కువగా ఉంచడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. ఎందుకంటే కొత్త ఆలోచనలు పాత పార్టీల లోపల నలిగిపోకుండా నేరుగా ఓటరు ముందుకు రాగలుగుతాయి, ఓటరు నచ్చకపోతే అంతే వేగంగా వాటిని తిప్పి పంపగలుగుతాడు. 2015లో 21.1 శాతం ఓట్లు, 37 సీట్లు ఉన్న డేనిష్ పీపుల్స్ పార్టీ ఏడేళ్లలో 5 సీట్లకు రావడం దీనికి నిదర్శనం.

ఇప్పుడు ఓట్లు సీట్లుగా మారే పద్ధతి గురించి. దేశాన్ని 10 పెద్ద నియోజకవర్గాలుగా విభజించి, వాటికి 135 స్థానిక సీట్లు పంచుతారు. ఒక్కొక్క నియోజకవర్గంలో ప్రతి పార్టీకి వచ్చిన ఓట్లను వరుసగా 1, 2, 3 తో భాగిస్తూ వెళ్లి, అత్యధికంగా వచ్చిన భాగఫలాలకు సీట్లు ఇస్తారు. దీనిని డీ హాండ్ట్ పద్ధతి అంటారు. ఇది పెద్ద పార్టీలకు కొంచెం అనుకూలం, అందులోనూ సీట్లు తక్కువగా ఉన్న చోట మరీ అనుకూలం. ఉదాహరణకు బోర్న్‌హోమ్ ద్వీపానికి ఉన్నవి 2 స్థానిక సీట్లే కాబట్టి అక్కడ చిన్న పార్టీకి అవకాశమే లేదు. ఈ అసమానతను సరిచేయడానికి మిగిలిన 40 సీట్లను సర్దుబాటు సీట్లుగా అట్టిపెట్టుకుంటారు. దేశం మొత్తం మీద హద్దు దాటిన పార్టీలకు వచ్చిన ఓట్ల ప్రకారం 175లో ఎవరి వాటా ఎంతో లెక్కగట్టి, స్థానికంగా తక్కువ పడిన పార్టీలకు ఆ 40లో నుంచి పూరిస్తారు. ఓటరు బ్యాలెట్ కాగితం మీద పార్టీకి గానీ, ఆ పార్టీ జాబితాలోని ఒక అభ్యర్థికి గానీ పెన్సిల్‌తో గుర్తు పెడతాడు. లెక్కింపు చేతితోనే జరుగుతుంది. ఎన్నికల రాత్రి పార్టీల వారీ లెక్క తేలుతుంది, మరునాడు అభ్యర్థుల వ్యక్తిగత ఓట్లతో సహా మళ్లీ వివరంగా లెక్కిస్తారు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కూడా సరిగ్గా 175 సీట్లే ఉండటం వల్ల మన పాఠకులకు తేడా ఇట్టే అర్థమవుతుంది. 2024 ఎన్నికల్లో వైఎస్ఆర్ కాంగ్రెస్ పార్టీకి 39.37 శాతం ఓట్లు వచ్చినా దక్కినవి 11 సీట్లు. పూర్తి దామాషా పద్ధతిలో అయితే ఆ వాటాకు దాదాపు 69 సీట్లు వచ్చేవి. అదే ఎన్నికల్లో 45.60 శాతం తెచ్చుకున్న తెలుగుదేశానికి 135 సీట్లు వచ్చాయి. నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే మన పద్ధతిలో ఓటు వాటాకూ సీటు వాటాకూ సంబంధం ఇంత వదులుగా ఉంటుంది. డెన్మార్క్‌లో ఆ సంబంధం చాలా బిగువు. అక్కడ 27.5 శాతం ఓట్లు అంటే సభలో దాదాపు అంతే వాటా. శతాబ్దానికి పైగా ఏ ఒక్క పార్టీకీ సొంతంగా మెజారిటీ రాకపోవడానికి కారణం అదే. కనుక అక్కడ "గెలుపు" అంటే అతి పెద్ద పార్టీగా నిలవడం, అంతకన్నా ముఖ్యంగా ప్రధాని పదవిలో కొనసాగగలగడం.

అయితే "దాదాపు" అన్న మాట 2022లో చాలా పెద్ద పాత్ర పోషించింది. పట్టికలు చూసి వదిలేసేవారికి కనబడని విశేషం ఇది కాబట్టి కొంచెం నిదానంగా వివరిస్తాను. హద్దు దాటని పార్టీల ఓట్లను తీసివేసి లెక్కిస్తే సోషల్ డెమొక్రాట్ల దామాషా వాటా సుమారు 49 సీట్లు. కానీ ఆ పార్టీ స్థానిక సీట్ల దశలోనే 50 గెలిచేసింది. వెన్‌స్ట్రె 43 నుంచి 23కు కుంగిపోవడంతో దేశమంతటా పెద్ద పార్టీ అనదగినది ఒక్కటే మిగిలింది. పెద్ద పార్టీకి మొగ్గు చూపే డీ హాండ్ట్ లెక్క వల్ల వచ్చే లాభం అంతకు ముందు రెండు పార్టీల మధ్య పంపకం అయ్యేది, ఈసారి అది దాదాపు మొత్తంగా సోషల్ డెమొక్రాట్లకే వెళ్లింది. స్థానికంగా గెలిచిన సీటును ఎవరూ వెనక్కి తీసుకోరు; సర్దుబాటు సీట్లు తక్కువ పడిన వారికి ఇవ్వడానికే గాని ఎక్కువ వచ్చిన వారి నుంచి కోయడానికి కాదు. అందువల్ల ఆ పార్టీకి ఒక సీటు అదనంగా నిలిచింది.

ఆ ఒక్క సీటు ఎక్కడ పడిందో గమనించండి. సోషల్ డెమొక్రాట్లు 50, సోషలిస్ట్ పీపుల్స్ పార్టీ 15, రెడ్-గ్రీన్ అలయెన్స్ 9, సోషల్ లిబరల్స్ 7, ఆల్టర్నేటివ్ 6 కలిపితే 87. డెన్మార్క్ ప్రధాన భూభాగంలోని 175 సీట్లలో ఇది మెజారిటీ కాదు. మెజారిటీకి ఒకటి తక్కువ. కానీ డెన్మార్క్ పార్లమెంటు అయిన ఫోల్కెటింగ్‌లో మొత్తం సీట్లు 179. డెన్మార్క్ రాజ్యంలోనే భాగమైన గ్రీన్‌లాండ్ నుంచి ఇద్దరు, ఫారో దీవుల నుంచి ఇద్దరు సభ్యులు వస్తారు. ఫారో దీవుల్లో నవంబర్ 1 సముద్రంలో మరణించినవారి సంస్మరణ దినం కావడంతో అక్కడ పోలింగ్‌ను ఒక రోజు ముందుగా అక్టోబర్ 31న జరిపారు. అక్కడి రెండు సీట్లలో ఒకటి సోషల్ డెమొక్రాట్లకు సోదర పార్టీ అయిన యావ్నాదర్‌ఫ్లోక్కురిన్‌కు, రెండవది కుడి పక్షాలకు దగ్గరైన సంబంద్స్‌ఫ్లోక్కురిన్‌కు వెళ్లాయి. గ్రీన్‌లాండ్‌లోని రెండు సీట్లు సియుముత్, ఇనుయిత్ అతాకతిగీత్ పార్టీలకు దక్కాయి; ఈ రెంటినీ వామపక్ష కూటమి వైపే లెక్కించారు. 87కు మూడు కలిపితే 90. అవతలి కుడి పక్షాల కూటమికి, అంటే నీలి కూటమికి, ప్రధాన భూభాగంలో 72, ఫారో నుంచి ఒకటి కలిపి 73. రెండు కూటముల్లో దేనికీ చెందమని ప్రకటించుకున్న మోడరేట్లు 16. సోషల్ డెమొక్రాట్లకు ఆ అదనపు సీటు నిలవకపోయి ఉంటే ఎర్ర కూటమి అని పిలిచే వామపక్ష కూటమి 89 దగ్గర ఆగేది, మోడరేట్ల నాయకుడు లార్స్ లోక్కె రాస్ముస్సెన్ చేతిలో ప్రధానిని నిర్ణయించే తాళంచెవి ఉండేది. ఎన్నికల రాత్రి చాలాసేపు పరిస్థితి అలాగే కనిపించింది. లెక్కింపు చివరి దశలోనే 90 తేలింది. దామాషా పద్ధతిని పరిపూర్ణ న్యాయంగా భావించే మిత్రులకు నేను ఈ ఉదాహరణను తప్పక చూపిస్తాను. నిష్పత్తులను పూర్ణ సంఖ్యలుగా మార్చే ఏ పద్ధతిలోనైనా చివరి సీటు ఎవరో ఒకరికి కొంత ఎక్కువగా పోవలసిందే.

ఉత్తర అట్లాంటిక్ సీట్ల పాత్ర కూడా కొత్తది కాదు. 1971 ఎన్నికల తర్వాత గ్రీన్‌లాండ్ సభ్యుడు మోసెస్ ఓల్సెన్ మద్దతుతోనే యెన్స్ ఓటో క్రాగ్ ప్రధాని అయ్యారు. డేనిష్ ఫలితాల పట్టికను 175 దగ్గర ఆపివేసి చదివితే అసలు కథ తప్పిపోతుందనడానికి 1971, 2022 రెండూ సాక్ష్యాలే.

రెండవ దశకు వెళ్లేముందు ఈ ఎన్నికలు ఎందుకు వచ్చాయో చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వ ఏర్పాటులో ఆ కారణమే మళ్లీ తలెత్తింది. 2020 నవంబర్‌లో, బొచ్చు కోసం పెంచే మింక్ జంతువుల్లో కరోనా వైరస్ రూపాంతరం చెందుతోందన్న భయంతో దేశంలోని మింక్‌లన్నిటినీ చంపాలని ఫ్రెడరిక్సెన్ ప్రభుత్వం ఆదేశించింది. కోటిన్నరకు పైగా ఉన్న జంతువులను, ఒక పరిశ్రమ మొత్తాన్ని తుడిచిపెట్టిన ఆ ఆదేశానికి ఆరోగ్యంగా ఉన్న మందల విషయంలో చట్టపరమైన ఆధారం లేదని తర్వాత తేలింది. విచారణ కమిషన్ 2022 జూన్ 30న నివేదిక ఇచ్చింది. ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న సోషల్ లిబరల్ పార్టీ, అక్టోబర్‌లో సభ ప్రారంభమయ్యేలోగా ఎన్నికలు ప్రకటించకపోతే అవిశ్వాసం తెస్తామని హెచ్చరించింది. ఫ్రెడరిక్సెన్ అక్టోబర్ 5న ఎన్నికలు ప్రకటించారు. ఎన్నికలను బలవంతంగా రప్పించిన ఆ పార్టీయే 16 సీట్ల నుంచి 7కు పడిపోయింది, నాయకురాలు సోఫీ కార్స్టెన్ నీల్సెన్ తప్పుకోగా మార్టిన్ లిడెగార్డ్ ఆ బాధ్యత చేపట్టారు.

నీలి కూటమిలో ఓట్లు తగ్గడం కన్నా చెదిరిపోవడమే పెద్ద నష్టం. వెన్‌స్ట్రె నుంచి ఇద్దరు ముఖ్య నాయకులు వెళ్లి వేరు కుంపట్లు పెట్టుకున్నారు. ఒకరు రెండుసార్లు ప్రధానిగా చేసిన లోక్కె రాస్ముస్సెన్. మరొకరు మాజీ వలసల మంత్రి ఇంగర్ స్టోయ్బెర్గ్; శరణార్థి దంపతులను చట్టవిరుద్ధంగా వేరుచేసిన వ్యవహారంలో 2021 డిసెంబర్‌లో ప్రత్యేక అభిశంసన న్యాయస్థానం ఆమెకు 60 రోజుల శిక్ష విధించింది, సభ్యత్వం కూడా పోయింది. మరుసటి ఏడాదే సొంత పార్టీ పెట్టి 14 సీట్లతో ఆమె తిరిగి వచ్చారు. కన్జర్వేటివ్ నాయకుడు సోరెన్ పాపె పౌల్సెన్ వెన్‌స్ట్రెకు చెందిన యాకబ్ ఎల్లెమన్ యెన్సెన్‌తో పాటు తానూ ప్రధాని అభ్యర్థినని ప్రకటించుకోవడంతో ఒకే కూటమికి ఇద్దరు ప్రధాని అభ్యర్థులయ్యారు. ఎన్నికల నాటికి కన్జర్వేటివ్‌ల వాటా 5.5 శాతానికి జారింది. వెన్‌స్ట్రె పోగొట్టుకున్న 20 సీట్లను లెక్కించేటప్పుడు ఆ పక్కనే మోడరేట్ల 16ను, డెన్మార్క్ డెమొక్రాట్ల 14ను పెట్టి చూడాలి. వారందరూ వెన్‌స్ట్రె పాత ఓటర్లు కారు, కానీ చీలిక ఎంత లోతుగా సాగిందో ఆ అంకెలు చూపిస్తాయి.

ఇక మీ రెండవ ప్రశ్న. డెన్మార్క్‌లో ప్రధాని పదవి చేపట్టడానికి సభలో విశ్వాస తీర్మానం నెగ్గవలసిన పని లేదు. 1953 రాజ్యాంగం 15వ అధికరణ చెప్పేది ఒక్కటే: సభ అవిశ్వాసం ప్రకటించిన మంత్రి పదవిలో ఉండరాదు. అంటే తమకు అనుకూలంగా 90 మంది ఉన్నారని నిరూపించనక్కర లేదు, తమకు వ్యతిరేకంగా 90 మంది లేకపోతే చాలు. ఈ నియమం వల్లనే అక్కడ మైనారిటీ ప్రభుత్వాలు మామూలు విషయం. 2019 నుంచి 2022 దాకా ఫ్రెడరిక్సెన్ 48 సీట్ల ఒంటరి పార్టీతో పాలించారు. కనుక 2022లో 90 సీట్ల ఎర్ర కూటమి ఉన్నప్పుడు ఆమె మళ్లీ అలాగే కొనసాగగలిగేవారు. కానీ ఎన్నికలకు ముందే ఆమె కూటముల సరిహద్దు దాటి, మధ్యలో విశాలమైన ప్రభుత్వం కావాలని ప్రకటించారు. యుక్రెయిన్ యుద్ధం, ఇంధన ధరలు, అక్టోబర్‌లో 10.1 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం దానికి ఆమె చెప్పిన నేపథ్యం. రాజకీయ లెక్క కూడా ఉంది. 90 అంటే ఒక్కరు జారినా పోయే మెజారిటీ; దానిని నిలబెట్టుకోవాలంటే ఎడమ చివరన ఉన్న రెడ్-గ్రీన్‌లను, ఆర్థిక విధానంలో కుడి వైపు మొగ్గే సోషల్ లిబరల్స్‌ను, ఉత్తర అట్లాంటిక్ సభ్యులను ప్రతి బిల్లుకూ ఒకే తాటిపై ఉంచాలి. బయటి మద్దతుదారుల మీద అంతగా ఆధారపడని ప్రభుత్వం ఆమెకు కావలసి వచ్చిందని నేను భావిస్తాను. అయితే ఆ బేరానికి కూర్చునేటప్పుడు 90 ఆమె చేతిలో ఉండటమే ఆమెకు బలం. చర్చలు విఫలమైనా ప్రధాని తానేనని అవతలివారికి తెలుసు. ఆ అదనపు సీటుతో తేలిన 90 సీట్ల కూటమి ప్రభుత్వంగా మారలేదు గాని, ప్రభుత్వం ఎవరి నాయకత్వంలో ఏర్పడాలో నిర్ణయించింది.

నవంబర్ 2న ఆమె రాజీనామా సమర్పించారు. పార్టీల నాయకులు రాణి రెండవ మార్గరెతకు సలహా ఇచ్చిన తర్వాత, ప్రభుత్వ ఏర్పాటు చర్చలు నడిపే బాధ్యత ఫ్రెడరిక్సెన్‌కే దక్కింది. ఆ చర్చలు ఆరు వారాలు సాగాయి. డెన్మార్క్ చరిత్రలో అంత సుదీర్ఘంగా మునుపెన్నడూ సాగలేదు. పార్టీలు ఒక్కొక్కటిగా బల్ల మీద నుంచి లేచి వెళ్లాయి. మింక్ వ్యవహారంలో ఫ్రెడరిక్సెన్‌ను గట్టిగా నిలదీసిన ఎల్లెమన్ యెన్సెన్ చివరికి ఆమెతో చేతులు కలపడం ఆయన ఓటర్లలో చాలామందికి మింగుడుపడలేదు. డిసెంబర్ 15న సోషల్ డెమొక్రాట్లు, వెన్‌స్ట్రె, మోడరేట్లు కలిసిన ప్రభుత్వం ప్రమాణం చేసింది. ఎల్లెమన్ యెన్సెన్ రక్షణ మంత్రి, లోక్కె రాస్ముస్సెన్ విదేశాంగ మంత్రి అయ్యారు. ఎడమ, కుడి వైపుల ప్రధాన పార్టీలైన సోషల్ డెమొక్రాట్లూ వెన్‌స్ట్రే కలిసి ప్రభుత్వంలో కూర్చోవడం అంతకు ముందు చివరిసారిగా 1978-79లో ఆంకర్ యోర్గెన్సెన్ హయాంలో కనిపించింది. మూడు పార్టీల సీట్లు కలిపితే 89. ఉత్తర అట్లాంటిక్ సభ్యుల మద్దతుతో అది మెజారిటీ అయింది. 1993-94 తర్వాత డెన్మార్క్‌కు మెజారిటీ ప్రభుత్వం రావడం అదే మొదటిసారి.

మెజారిటీ ప్రభుత్వం అంటే ఏమిటో డేనిష్ ప్రజలకు వెంటనే తెలిసివచ్చింది. రక్షణ ఖర్చు పెంచడానికి నిధులు కావాలంటూ, 1686 నుంచి ఉన్న మహాప్రార్థనా దినం సెలవును ప్రభుత్వం రద్దు చేసింది. 2023 ఫిబ్రవరి 5న పార్లమెంటు భవనం ముందు వేలాది మంది నిరసన తెలిపినా, కార్మిక సంఘాలు, చర్చి పెద్దలు వ్యతిరేకించినా, ఫిబ్రవరి 28న బిల్లు సభ ఆమోదం పొందింది. మైనారిటీ ప్రభుత్వమైతే ప్రతిపక్షాల్లో ఎవరో ఒకరిని ఒప్పించుకోవలసి వచ్చేది, బేరసారాల్లో ఆ సెలవు మిగిలి ఉండేదేమో. చిన్న పార్టీల బేరమాడే శక్తి మీద నిలబడిన రాజకీయ సంప్రదాయంలో ఇది పెద్ద మార్పు. నా దృష్టిలో 2022 ఎన్నికల అత్యంత ముఖ్యమైన పర్యవసానం ఇదే, సీట్ల పట్టికలో అది ఎక్కడా కనబడదు.

మూడవ ప్రశ్నకు సగం జవాబు ఇప్పటికే వచ్చింది: 175 ప్రధాన భూభాగానివి, 179 ఉత్తర అట్లాంటిక్ సీట్లతో కలిపినవి. మిగతా సగం సభ్యుల పార్టీ మార్పిడికి సంబంధించినది. భారతదేశంలో పదవ షెడ్యూలు ప్రకారం ఫిరాయించిన సభ్యుడు అనర్హుడవుతాడు. డేనిష్ రాజ్యాంగం 56వ అధికరణ ప్రకారం సభ్యుడు తన మనస్సాక్షికి తప్ప మరి దేనికీ బద్ధుడు కాడు కాబట్టి, పార్టీ మారినా, ఏ పార్టీ లేకుండా స్వతంత్రంగా ఉన్నా సీటు అతనిదే. 6 సీట్లు గెలిచిన న్యూ రైట్ దీనికి స్పష్టమైన ఉదాహరణ. 2024 జనవరిలో దాని నాయకురాలు పెర్నిల్లె వెర్మున్డ్ పార్టీకి స్వస్తి చెప్పి లిబరల్ అలయెన్స్‌లో చేరారు. అందుచేత ఎన్నికల ఫలితాల పట్టికలో ఆ పార్టీ 6 సీట్లతో ఉంటుంది, తర్వాతి సభాబలం పట్టికలో అసలు ఉండదు, లిబరల్ అలయెన్స్ బలం 14 దాటి కనిపిస్తుంది. మీరు పోల్చి చూసిన పట్టికల్లో ఏది ఏ తేదీ నాటిదో సరిచూసుకోండి. ఓటరు ఇచ్చిన తీర్పు కావాలంటే 2022 నవంబర్ 1 నాటి అంకెలను, సభలో బిల్లుల మీద ఎవరి బలం ఎంతో కావాలంటే ఆ ఓటింగ్ రోజు నాటి అంకెలను తీసుకోవాలి.